మీటింగ్‌కు రాని ఇల్లు: జగిత్యాల జిల్లా బీడీల ఊరిలో ఒక ఏడాది

ఇది 2024-25లో ఎనిమిదో తరగతి చదివిన ఒక అబ్బాయి గురించి, వాళ్ల ఇంటివాళ్ల గురించి, ఆ ఇంటికీ బడికీ మధ్య రాకపోకలు ఎలా మొదలయ్యాయి అన్న దాని గురించి. నేను ఆ తరగతికి క్లాస్ టీచర్‌ని, చెప్పేది తెలుగు. మాది మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల ఒక ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్. ఊరి పేరు రాయడం లేదు. అబ్బాయిని ఇంట్లో పిలిచినట్టే చిన్నోడు అంటాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. రాసిందంతా వాళ్ల అమ్మకు చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే బయట పెడుతున్నాను.

కేసులోకి వెళ్లేముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. పేరెంట్స్ మీటింగ్‌కు రాని తల్లిదండ్రులను "పట్టించుకోరు" అని రాసేయడం మా వృత్తిలో చాలా తేలికగా జరిగిపోతుంది. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ భాగం పిల్లల చదువు గురించి దిగులు పడుతున్న ఇళ్లే. బడి వాళ్లను పిలిచే వేళ, పిలిచినప్పుడు చెప్పే మాట, ఈ రెండూ వాళ్లను దూరం పెడుతున్నాయి. ఆ రెండూ మారిస్తే ఏం జరుగుతుందో చూద్దామనే ఈ పని మొదలుపెట్టాను.

ఊరు, ఇల్లు

మా ప్రాంతంలో బతుకుదెరువు గురించి బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అంటారు. మగవాళ్లు ఈ మూడింట్లో ఏదో ఒక దారి పట్టారు, ఆడవాళ్లు బీడీలు చేస్తూ ఇల్లు నడిపారు. ఇప్పటికీ మా ఊళ్లో ఏ వాకిట్లో చూసినా ఒళ్లో చాట పెట్టుకున్న ఆడవాళ్లు కనిపిస్తారు. కార్ఖానాలో తునికాకు, తంబాకు తూకం వేసి ఇస్తారు. రాత్రి ఆకు నానబెట్టి, పొద్దున కత్తిరించి, రోజంతా చుట్టి, 25 బీడీలకో కట్ట కట్టి అప్పజెప్పాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. వెయ్యి బీడీలంటే నలభై కట్టలు. ఆకు బాగాలేక తక్కువ పడితే సొంత డబ్బుతో కొని పూరించాలి. కట్టలు సరిగా లేవని పక్కన పడేస్తే ఆ మేర కూలి పోయినట్టే.

చిన్నోడి బాపు సౌదీలో కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పనిచేస్తాడు. పిల్లవాడు మూడో తరగతిలో ఉన్నప్పుడు వెళ్లాడు. అమ్మ బీడీలు చేస్తుంది. అక్క మెట్‌పల్లిలో ఇంటర్. ఇంట్లో బాపమ్మ (నాయనమ్మ) ఉంది, ఆవిడ చేతి మీదుగానే అన్నీ నడుస్తాయి.

2020 మార్చిలో బడులు మూతపడేటప్పటికి ఈ పిల్లవాడు మూడో తరగతి. ప్రైమరీ తరగతులు మళ్లీ తెరిచింది 2021 సెప్టెంబర్‌లో. అంటే నాలుగో తరగతి మొత్తం టీవీ పాఠాలతోనే గడిచింది, అదీ ఇంట్లో టీవీ ఖాళీగా ఉన్నప్పుడు. ఐదు ఎలాగో గట్టెక్కి ఆరుకు వచ్చేసరికి, 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీష్ మీడియం వచ్చింది. చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తొలిమెట్టు కార్యక్రమం 2022 ఆగస్టులో మొదలైంది, కానీ అది ఐదో తరగతి వరకే. చిన్నోడు అప్పటికే ఆరులో కూర్చున్నాడు. ఈ వరస చూశాక "మొద్దు" అని ఆ పిల్లవాడి మీద పడ్డ ముద్ర నాకు అన్యాయంగా తోచింది. జూన్‌లో నా దగ్గరికి వచ్చేనాటికి తెలుగు వాచకంలో ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కునేవాడు. ఒత్తులు వస్తే ఆగిపోయేవాడు. లెక్కల్లో, ఇంగ్లీష్‌లో పేపరు ఖాళీగా ఇచ్చేవాడు. వారంలో ఒకటి రెండు రోజులు బడికి రాడు.

పాత రికార్డులో ఇతని ఇంటి గురించి ఉన్నదల్లా రెండు ముక్కలు: "తరచూ గైర్హాజరు. తల్లి మీటింగులకు రాదు."

మొదటి ఫోన్

జూన్ చివర్లో క్లాసులో ప్రతి పిల్లవాడి ఇంటికీ ఒక ఫోన్ చేయాలని పెట్టుకున్నాను. ఫిర్యాదు ఉండకూడదు, ఫీజు, ఆధార్, ఫారాల మాట ఉండకూడదు. ఆ పిల్లవాడి గురించి నేను కళ్లతో చూసిన ఒక మంచి విషయం మాత్రం చెప్పాలి. అది నిజమై ఉండాలి. "మీవాడు మంచోడమ్మా" లాంటి మాట ఎవరికైనా చెప్పొచ్చు, అది విన్నవాళ్లకూ తెలుసు. అందుకే ఫోన్ చేసేముందు ప్రతి ఒక్కరినీ కాస్త పట్టి చూడాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే ఈ పద్ధతిలో అసలు లాభం అక్కడే ఉంది. వెనక బెంచీలో పేరు కూడా సరిగా గుర్తుండని పిల్లలు ఆ రెండు వారాల్లో నాకు మనుషులుగా తెలిశారు.

చిన్నోడి ఇంట్లో ఫోన్ ఎత్తింది బాపమ్మ. బడి నుంచి అనగానే ఆవిడ గొంతు మారిపోయింది.

"ఏం జేసిండు మేడం మావోడు? ఎవలనన్న కొట్టిండా?"

"ఏం చేయలేదు పెద్దమ్మా. నిన్న వానకు మా వరండాలో నీళ్లు నిలిస్తే, ఎవరూ చెప్పకముందే చీపురు తీసుకుని మొత్తం ఎత్తిపోశాడు. చిన్న తరగతి పిల్లలు జారిపడతారని నిలబడి ఒక్కొక్కరినీ దాటించాడు. ఆ మాట చెబుదామనే చేశాను."

కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత "గంతేనా?" అంది. గంతే అన్నాను. "ఇంకేం చెప్పేది లేదా మేడం?" అని మళ్లీ అడిగింది. లేదన్నాను. పెట్టేసింది. సాయంత్రం అదే నంబరు నుంచి వాళ్ల అమ్మ చేసింది: "మేడం, మా అత్త ఏదో చెప్తాంది, నిజమేనా? వాని పేరు కొట్టేసిన్రా బళ్లెకెళ్లి?"

బడి నుంచి ఫోన్ వస్తే మంచి మాట ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అన్నేళ్లుగా బడి ఆ ఇంటికి ఎలాంటి మాటలు పంపిందో దాన్ని బట్టే తెలుస్తుంది.

విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 24లో టీచర్ చేయాల్సిన పనుల జాబితా ఉంది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా కలవడం, పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి వాళ్లకు తెలియజేయడం అందులో ఒకటి. ఆ బాధ్యత చట్టం పెట్టింది టీచర్ మీద. మనం మాత్రం ఒక చీటీ పంపి, రాకపోతే తప్పు తల్లిది అంటున్నాం.

ఇంటికి వెళ్లడం

తోటి టీచర్లలో ఒకరు అడిగారు, పిల్లలను బడిలో చేర్పించే బడిబాటలో ఇల్లిల్లూ తిరుగుతున్నాం కదా, మళ్లీ ఎందుకని. బడిబాట అవసరమే. కానీ అప్పుడు మనం పిల్లలను అడగడానికి వెళ్తాం, మన బడి బతకడానికి వెళ్తాం. ఊరివాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. అడ్మిషన్ అయిపోయాక, ఏ పనీ లేకుండా వెళ్లడం వేరు.

అమెరికాలో శాక్రమెంటో నగరంలో 1998లో తల్లిదండ్రులూ టీచర్లూ కలిసి ఇలాంటి ఇంటి సందర్శనలు మొదలుపెట్టారు. వాళ్ల నియమాల్లో రెండు నాకు బాగా నచ్చాయి. ఇద్దరేసి వెళ్లడం ఒకటి. మొదటిసారి వెళ్లినప్పుడు పిల్లవాడి లోపాల మాట ఎత్తకుండా, వాడి మీద ఇంటివాళ్లు పెట్టుకున్న ఆశలేమిటో అడగడం రెండోది. ఇద్దరేసి అన్నది మా ఊళ్లో ఇంకో కారణంతో కూడా అవసరం. భర్త దేశం కాని దేశంలో ఉన్న ఇంటికి మగ టీచర్ ఒక్కడే వెళ్తే వాడకట్టు నోళ్లు ఊరుకోవు, ఆ మాటలు పడేది ఆ తల్లి. అందుకని నేనూ లెక్కల సారూ కలిసి వెళ్లేవాళ్లం. ముందు ఫోన్ చేసి, రమ్మంటేనే వెళ్లాం. రిజిస్టర్ పట్టుకెళ్లలేదు. ఫోటోలు దిగలేదు. ఏ పని చేసినా ఫోటో అప్‌లోడ్ చేయడం అలవాటైన రోజుల్లో ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, ఎవరి ఇంట్లోకైనా వెళ్లి ఫోన్ కెమెరా తీస్తే ఆ క్షణం నుంచి మనం చుట్టాలం కాదు, ఆఫీసర్లం.

చిన్నోడి ఇంటికి వెళ్లేసరికి పక్కింటి నుంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. మేం కూర్చుంటే వాళ్ల అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. నేను కుర్చీ వదిలి బాపమ్మ పక్కన గద్దె మీద కూర్చున్నాక ఆమె కూడా చాట ముందు కూర్చుంది. పని ఆపొద్దని చెప్పాను. చేతులు ఆడుతున్నప్పుడే మాట వస్తుంది, ఇది చాలా ఇళ్లలో గమనించాను. ఏదైనా అడిగితే ఆమె ముందు అత్త వైపు చూసి, తర్వాత జవాబు చెప్పేది. చిన్నోడి చదువు మాట ఎవరితో తేల్చుకోవాలో అప్పుడే అర్థమైంది. బడి రికార్డులో తండ్రి పేరు, తల్లి ఫోన్ నంబరు ఉన్నాయి. బాపమ్మ ఎక్కడా లేదు.

"వీడు ఏమైతే బాగుంటుంది అనుకుంటున్నారు?" అని అడిగాను.

"వాళ్ల బాపు లెక్క ఎడారికి పోకుంటే సాలు," అంది అమ్మ. ఈసారి అత్త వైపు చూడలేదు.

బాపమ్మ అప్పుడు అసలు ముచ్చట చెప్పింది. సోమవారం, గురువారం బీడీలు అప్పజెప్పే రోజులు. కార్ఖానా రెండు కిలోమీటర్లు. అమ్మ వెళ్తే లైన్లో కూర్చుని వచ్చేసరికి పూట గడిచిపోతుంది, ఆ పూట చేసే బీడీలు పోతాయి. బాపమ్మకు మోకాళ్ల నొప్పులు. అక్క కాలేజీ మానేస్తే అటెండెన్స్ పోతుంది. చిన్నోడికి సైకిల్ ఉంది. వాడు కట్టలు పట్టుకెళ్లి, చూపించి, మళ్లీ ఆకు, తంబాకు తెచ్చేసరికి పదకొండు దాటుతుంది. అంత ఆలస్యంగా వస్తే క్లాసు బయట నిలబెడతారని ఆ రోజు బడికే రాడు.

బడికి తిరిగొచ్చి రిజిస్టర్ తీసి చూశాం. గైర్హాజరు గుర్తులన్నీ దాదాపు ఆ రెండు రోజుల మీదే ఉన్నాయి. కాగితం మీద ఆ సంగతి మొదటినుంచీ ఉంది. ఎవరూ ఇంటి వైపు నుంచి దాన్ని చదవలేదు.

నోట్‌బుక్

ఆ రోజు లెక్కల సారు చిన్నోడిని మాటల్లో అడిగారు, కార్ఖానాలో లెక్క ఎవరు చూస్తారని. "నేనే సార్." నాలుగు రోజులకు రోజుకు 32 కట్టలైతే? "128 కట్టలు. మూడువేల రెండువందల బీడీలు." అందులో మూడు కట్టలు బాగాలేవని పడేస్తే? "మూడువేల నూట ఇరవై అయిదు." సారు చేతిలో పెన్ను ఇంకా కాగితం మీదికి రాలేదు. క్లాసులో ఇదే పిల్లవాడు గుణకారాల పేపరు ఖాళీగా ఇచ్చాడు.

అరిజోనాలో టూసాన్ నగరంలో, మెక్సికన్ మూలాలున్న శ్రామిక కుటుంబాల ఇళ్లకు టీచర్లు వెళ్లి, అక్కడి పనుల్లో ఎంత తెలివి ఉందో రాసుకుని, దాని చుట్టూ పాఠాలు కట్టుకున్న పరిశోధన 1992లో అచ్చయింది. వ్యవసాయం, మరమ్మతులు, వ్యాపారం, ఇంటి వైద్యం, అన్నీ అందులో వచ్చాయి. బీ.ఎడ్.లో దాని గురించి ఒక పేరా చదివిన గుర్తు. చిన్నోడి వాకిట్లో కూర్చున్నాకే అది నాకు నిజంగా ఎక్కింది.

అక్కడి నుంచి ఒక పని పుట్టింది. ఇంటి బీడీల లెక్క ఒక నోట్‌బుక్‌లో చిన్నోడే రాయాలి. తేదీ, తెచ్చిన ఆకు, తంబాకు ఎంత, అప్పజెప్పిన కట్టలెన్ని, పోయినవి ఎన్ని, ఎందుకు పోయాయి. "ఎందుకు" అన్న గడి నేనే అడిగి పెట్టించాను, ఎందుకంటే అక్కడ వాక్యం రాయాల్సి వస్తుంది. మొదట్లో "సనగ" (సన్నగా) అని ఒక్క మాట ఉండేది. దసరా తర్వాత "ఆకు ఎండిపొయింది అందుకె పగిలినయి" అని వచ్చింది. దీర్ఘాలు తప్పినా దిద్దలేదు, క్లాసులో అలాంటి మాటలు మళ్లీ మళ్లీ రాయించాను. లెక్కల సారు ఆ నోట్‌బుక్ నుంచే శాతాలు చెప్పారు, వందకు ఎన్ని కట్టలు పోతున్నాయో తీయమని. ఆ లెక్క చూసి వాళ్ల అమ్మ, ఏ వారం ఆకు బాగా రాలేదో కార్ఖానాలో నిలదీసింది. చదువు ఇంటికి పనికొచ్చిందని బాపమ్మ వాడకట్టంతా చెప్పుకుంది. ఇంటివాళ్ల దగ్గర నా మాటకు విలువ పెరిగింది ఆ రోజుతోనే అని నా నమ్మకం.

సోమ, గురువారాల చిక్కు మాత్రం అంత తేలికగా తీరలేదు. దారి మేం చెప్పలేదు, ఏం చేద్దామని అడిగాం. అమ్మే అంది, పక్కింటామె, తను వంతులేసుకుని రెండిళ్ల కట్టలూ ఒకరే తీసుకెళ్తామని. కొన్నాళ్లు నడిచింది. ఆ తర్వాత పడేసిన కట్టలు ఎవరివన్న దగ్గర ఇద్దరికీ లొల్లి అయింది, చిన్నోడు మళ్లీ సైకిలెక్కాడు. అప్పుడు నోట్‌బుక్ అక్కరకొచ్చింది. ఎవరి గంపలో ఎన్ని కట్టలో ముందురోజు రాత్రే రెండు చీటీల మీద రాసి గంపల్లో పెట్టడం మొదలుపెట్టాడు. లొల్లి సద్దుమణిగింది. అయినా కొన్ని వారాలు వాడే వెళ్లాల్సి వచ్చేది. ఆ రోజుల్లో ఎంత ఆలస్యమైనా క్లాసులోకి రానిస్తామని హెచ్‌ఎం సారు ఒప్పుకున్నారు, మధ్యాహ్నం భోజనం లోపు వస్తే చాలన్నారు. బడి వైపు నుంచి మేం వదులుకున్నది అదొక్కటే. పూర్తిగా మానేసే రోజు, సగం పూట వచ్చే రోజైంది.

శుక్రవారం వాయిస్ మెసేజ్

తండ్రి దూరంగా ఉన్నాడని తండ్రి లేనట్టే లెక్కవేయడం గల్ఫ్ ఊళ్లలో టీచర్లకు అలవాటైపోయింది. మా మీటింగ్ నెలలో మూడో శనివారం. సౌదీలో ఆయనకు సెలవు శుక్రవారం. మన టైంకు వాళ్లది రెండున్నర గంటలు వెనక. నేను శుక్రవారం సాయంత్రం ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను, ఎవరినో చెప్పి, వరండా ముచ్చట చెప్పి. గంటలో జవాబు వచ్చింది. వెనక ఎవరో వంట చేస్తున్న చప్పుడు. "మేడం, ఇంటికి ఫోన్ జేస్తే పైసల ముచ్చట్లు, చిట్టీ ముచ్చట్లు. పోరని చదువు ముచ్చట నాకు చెప్పినోళ్లు మీరే ఫస్టు." ఆ తర్వాత ఆయన చాలా ప్రశ్నలు అడిగాడు. ఏడో తరగతి దాకా చదివాడు, తెలుగు బాగా చదవగలడు.

ప్రతి శుక్రవారం చిన్నోడు వాచకంలో అర పేజీ చదివి బాపుకు వాయిస్ పెట్టాలి, బాపు విని జవాబు పెట్టాలి. ఇదీ ఒప్పందం. మొదటి రెండు మూడు వారాలు ఆయన జవాబులన్నీ తిట్లే. ఎనిమిదో తరగతికి వచ్చి ఇదా చదివేది, నేనిక్కడ ఎండల చస్తుంటే, అని. చిన్నోడు వాయిస్ పెట్టడం ఆపేశాడు. ఆయనతో విడిగా మాట్లాడాను. నాలుగో తరగతి ఎలా పోయిందో, ఆరులో మీడియం ఎలా మారిందో వరసగా చెప్పాను. కొడుకు చదువులో ఆ గుంత ఎక్కడ పడిందో ఆయనకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. "అయితే వానిది తప్పు కాదా మేడం?" అని అడిగాడు. పూర్తిగా వాడిది కాదన్నాను. తప్పులు దిద్దే పని నాకు వదిలేయమని, విన్న దాంట్లో ఏం అర్థమైందో మాత్రం అడగమని చెప్పాను. తర్వాత ఆయన తన వైపు నుంచి ఒక కొత్త అలవాటు మొదలుపెట్టాడు. ఆ వారం తను చూసిన ఒక సంగతి చెప్పేవాడు. ఇసుక తుఫానులో క్రేన్ ఆపేయడం, రూములో నేపాలీ అతను చేసిన పప్పు. అది విని చిన్నోడు నాకు నాలుగు వాక్యాలు రాసి చూపించేవాడు. వాచకంలో పాఠం కంటే అది ఎక్కువ ఇష్టంగా రాశాడు.

ఆయనతో నాకు గట్టి అభిప్రాయభేదం కూడా వచ్చింది. కొడుకును కరీంనగర్‌లో ప్రైవేట్ హాస్టల్లో వేస్తానని, అప్పు దొరుకుతుందని అన్నాడు. పిల్లలు తగ్గితే బడికి దెబ్బ అని నేను వద్దంటున్నానని ఆయన అనుకునే అవకాశం ఉంది. అందుకే ఆ మాట నేనే ముందు తీశాను: "సర్కారు టీచర్‌ని కాబట్టి ఇలా అంటున్నాను అనుకోకండి." చదవడం కుదురుకోని పిల్లవాడిని ఒక్కసారిగా అక్కడ వేస్తే వెనకబడిపోతాడని నా అంచనా చెప్పాను, తొమ్మిదిలో మళ్లీ కూర్చుని మాట్లాడదామన్నాను. నిర్ణయం వాళ్లది. బాపమ్మ, అమ్మ, ఆయన ఫోన్‌లో చాలాసేపు మాట్లాడుకుని ఈ ఏడాదికి ఆగారు. ఒకవేళ హాస్టల్‌కే పంపి ఉంటే టీసీతో పాటు వాడి నోట్‌బుక్ కూడా ఇచ్చి పంపేదాన్ని.

సంఘం భవనంలో మీటింగ్

మూడో శనివారం మీటింగ్‌కు ఎందుకు రావడం లేదని తల్లులను అడిగితే, పట్టపగలు వెలుతురులో చాట వదిలి రావడం అంటే ఎంత పోతుందో లెక్క చెప్పారు. సాయంత్రం మహిళా సంఘం మీటింగ్‌కు మాత్రం అందరూ వస్తారు. 2024లో సర్కారు బళ్లలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు, వాటికి ఊరి మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్, హెచ్‌ఎం కన్వీనర్. బడి పనుల కోసం వేసిన కమిటీయే అయినా మాకు ఇంకో రకంగా కలిసొచ్చింది. అధ్యక్షురాలిని అడిగాం, మీ మీటింగ్ అయ్యాక మాకు కాసేపు ఇస్తారా అని. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. రూలు ప్రకారం మూడో శనివారం మీటింగ్ బడిలో ఎలాగూ జరుగుతుంది, ఇది అదనం.

అక్కడ మార్కులు చదవలేదు. ఎవరి పిల్లల నోట్‌బుక్ వాళ్ల చేతికిచ్చి, జూన్ పేజీ ఒకటి, ఇప్పటి పేజీ ఒకటి చూపించాం. చదవడం రాని తల్లులు కూడా రాత మారిందో లేదో చూడగానే చెప్పేశారు. పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీష్, ఒక పక్క తెలుగు ఉంటుందని, ఇంట్లో అక్కో అన్నో తెలుగు పేజీ చదివి వినిపిస్తే చాలని చాలామందికి అప్పుడే తెలిసింది. ఇంగ్లీష్ రాదని అప్పటిదాకా పుస్తకమే ముట్టుకోలేదు. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ఆన్‌లైన్‌లో అప్లై చేయాలని, బీడీ గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా కావాలని కూడా చెప్పాం. ఆ మాట పడ్డాక తర్వాతి మీటింగ్‌కు పక్క వాడకట్టు వాళ్లూ వచ్చారు. డబ్బు కోసం వచ్చారని ఒకరు చిన్నబుచ్చారు గానీ నాకు అలా అనిపించలేదు. బడి మాట వింటే ఇంటికి మేలు జరుగుతుందని తెలిస్తే ఎవరైనా వస్తారు, రావాలి కూడా.

అన్ని ఇళ్లూ ఇలా కుదిరాయని కాదు. ఒక అమ్మాయి ఇంటికి ఎంత వెళ్లినా వాళ్ల నాన్న మమ్మల్ని వాకిలి దాటనివ్వలేదు. పాత తగాదా ఏదో ఉంది, అది మాకు చెప్పలేదు. ఆ అమ్మాయి విషయంలో మేనమామతో మాట్లాడి నెట్టుకొచ్చాం. వాట్సాప్ గ్రూపు పెట్టాం, అందులో పిల్లల మార్కులు, ఫిర్యాదులు పెట్టకూడదని మొదటి రోజే చెప్పాను. అయినా సగం ఇళ్లలో ఆ ఫోన్ అన్నల దగ్గరో బాబాయిల దగ్గరో ఉంటుంది, తల్లికి చేరదు. గ్రూపు నోటీసులకు పనికొస్తుంది, మాట్లాడుకోవడానికి కాదు.

డిసెంబర్

డిసెంబర్‌లో చిన్నోడు క్లాసులో ఒక అబ్బాయిని గట్టిగా కొట్టాడు, పెదవి పగిలింది. మామూలుగా అయితే "రేపు పేరెంట్‌ని తీసుకురా" అంటాం. నేను ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పి, "ఇంట్లో ఏమైనా అయిందా అమ్మా?" అని అడిగాను. ఆమె ఏడ్చింది. బాపుకు మూడు నెలలుగా జీతం రావడం లేదు, కంపెనీ ఇకామా (సౌదీలో ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) రెన్యువల్ చేయించలేదు, బయటికి వెళ్తే పోలీసులు పట్టుకుంటారేమోనని రూములోనే ఉంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్. శుక్రవారం వాయిస్‌లు ఎందుకు ఆగిపోయాయో నాకు అప్పుడు తెలిసింది. జూన్‌లో అయితే ఈ మాట బడితో చెప్పి ఉండేది కాదు, పరువు పోతుందనుకునేది.

దెబ్బలు తిన్న పిల్లవాడి అమ్మకు కూడా న్యాయం జరగాలి. కాబట్టి ఇది పక్కన పెట్టేయలేదు. ఆమెతో విడిగా మాట్లాడాను, చిన్నోడి ఇంటి సంగతి ఆమెకు చెప్పలేదు, అది నేను చెప్పాల్సిన మాట కాదు. మర్నాడు ఇద్దరు తల్లులూ వచ్చారు. చిన్నోడి అమ్మే తన నోటితో ఆమెకు చెప్పుకుంది. ఆమె భర్త కూడా దుబాయిలో ఉన్నవాడే. వాళ్లిద్దరూ చెట్టు కింద కూర్చుని మాట్లాడుకుంటుంటే మేం కల్పించుకోలేదు. చిన్నోడు క్షమాపణ చెప్పాడు, వారం రోజులు ఆ అబ్బాయి నోట్సు కూడా తనే రాసిచ్చాడు, అది వాడే ఎంచుకున్న శిక్ష. ఇకామా సంగతి ఫిబ్రవరిలో ఒక దారికి వచ్చింది, వాయిస్‌లు మళ్లీ మొదలయ్యాయి.

ఎక్కడికి చేరింది

మార్చిలో చిన్నోడు వాచకంలో కొత్త పేజీ ఇస్తే అక్కడక్కడా ఆగుతూ చదివాడు, అడిగితే సంగతి చెప్పాడు. సొంతంగా అర పేజీ రాస్తాడు. లెక్కల్లో పేపరు ఖాళీగా ఇవ్వడం లేదు. ఇంగ్లీష్ ఇంకా చాలా వెనకే ఉంది, దానికి ఇంకో ఏడాది పడుతుందని ఇంటివాళ్లకు ఉన్నమాట చెప్పాను. సోమ, గురువారాల్లో చాలావరకు బడిలోనే ఉంటున్నాడు. ఈ మార్పులో ఎంత ఇంటిది, ఎంత బడిది, ఎంత వాడిది అని విడదీసి చెప్పడం కుదరదు. కానీ వాకిట్లో కూర్చుని అడగకపోతే నాకు కార్ఖానా రోజులు తెలిసేవి కావు, లెక్కల సారుకు వాడి లెక్క తెలిసేది కాదు, అంతవరకు గట్టిగా చెప్పగలను.

టీచర్లు అడిగే మొదటి ప్రశ్న టైం ఎక్కడిదని. న్యాయమైన ప్రశ్నే. అన్ని ఇళ్లకూ ఒకే ఏడాది వెళ్లడం ఒక్కరి వల్ల కాదు. ఫోన్ అందరికీ చేశాను, ఇంటికి ముందు వెనకబడిన పిల్లల ఇళ్లకే వెళ్లాం. సంఘం మీటింగ్ వల్ల మిగతావాళ్లు కలిశారు. పాఠం మళ్లీ మళ్లీ చెప్పడానికి పోయే టైం, గైర్హాజరు పిల్లలను వెతకడానికి పోయే టైం కొంత తగ్గింది కూడా.

జూన్‌లో చిన్నోడు తొమ్మిదికి వెళ్లాడు. కొత్త క్లాస్ టీచర్‌కు ఒక పేజీ రాసిచ్చాను. ఎవరితో మాట్లాడాలి, ఏ వేళ ఫోన్ చేయాలి, కార్ఖానా రోజులు ఏవి, నోట్‌బుక్ ఎక్కడ ఉంటుంది, ఇంతే. అమ్మకు చదివి వినిపిస్తే బాపమ్మ నంబరు కూడా వేయమంది, వేశాను. ఇక ముందున్న పని పదో తరగతి స్పెషల్ క్లాసులు. అవి సాయంత్రం పెడితే ఇళ్లలో కట్టలు కట్టే వేళకు అడ్డం పడతాయి, పొద్దున పెడితే అప్పజెప్పే రోజుల్లో కుదరదు. ఏ వేళ పెట్టాలో తల్లులనే అడిగి ఖాయం చేయాలని, ఆ మాట దసరా లోపే సంఘంలో తీయాలని హెచ్‌ఎం సారు, నేను, తొమ్మిదో తరగతి టీచర్ అనుకున్నాం.